కనక వేసిన అడ్డకర్ర

బొండగెడ్డలో కొర్రా కనక గురించి మాట్లాడాలంటే మగవాళ్ళు ముందు అటూ ఇటూ చూస్తారు. ఆమె దగ్గరలో లేదని తేల్చుకున్నాక గొంతు సవరించుకుంటారు. ఆడవాళ్ళకు ఆ భయం లేదు. నేరుగా ఆమె ఇంటికే వెళ్ళి గడప మీద చతికిలబడి, మొగుళ్ళ మీద చెప్పాల్సిన చాడీలన్నీ చెప్పుకుని, ఓ గ్లాసు చోడి అంబలి తాగి లేస్తారు. డుంబ్రిగుడ సంతలో ఆమె తూకం దగ్గర నిలబడితే కొమ్ములు తిరిగిన వ్యాపారి కూడా కాటా కింద ఏమీ లేదని తనే ఎత్తి చూపిస్తాడు. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఎదుటి కొండ మీద మేకలు కాసేవాణ్ణి తిట్టడానికి ఆమెకు ఫోను అక్కర్లేదని భర్త భీమన్న నవ్వుతూ చెబుతాడు. ఆ మాట కూడా ఆమె లేనప్పుడే.

ఆమె పుట్టింది ఇక్కడ కాదు. ఒడిశా వైపు కొండల్లో ఉండేది ఆ ఊరు, ఇప్పుడు డ్యాం నీళ్ళ అడుగున ఉంది. మీకు వేరే చోట ఇళ్ళు చూపిస్తామన్నారట డ్యాం కట్టినవాళ్ళు. మాట తప్పలేదు, చూపించారు. చూపించి వెళ్ళిపోయారు. ఆ రేకుల ఇళ్ళ చుట్టూ గుప్పెడు చోళ్ళు చల్లుకోవడానికి నేల లేదు. కనక తండ్రి ఊరి పెద్దల్లో ఒకడు. మిగతా పెద్దలతో పాటు ఆయనా తల ఊపాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ రోడ్డు పనుల్లో తారు డబ్బాలు మోశాడు. తండ్రి మాటెత్తితే కనక గొంతు ఒక మెట్టు దిగుతుంది.

"మా అయ్య సెడ్డోడు కాదు. అలిసిపోనాడు, అంతే" అంటుంది.

చింతపండు అమ్మడానికి తల్లితో సంతకు వచ్చిన పిల్ల, భీమన్నను చూసింది. చింతపండు అమ్ముడుపోలేదు గానీ ఆమె మాత్రం తల్లితో తిరిగి వెళ్ళలేదు. భీమన్న అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్న వేటగాడు. అతను విల్లు ఎక్కుపెడితే అడవికోడి తనే వచ్చి కూర్చుంటుందని కుర్రాళ్ళు చెప్పుకునేవారు. ఇద్దరూ కలిసి ఊరి పక్కన పారే గెడ్డ ఒడ్డు వాలులో కాఫీ మొక్కలు వేశారు, నీడ చెట్లకు మిరియాల తీగలు పాకించారు. పిల్లల్ని పెంచి పెళ్ళిళ్ళు చేశారు. ఈ కథకు ఆ సంసారం ఇంతవరకు చాలు.

రెండేళ్ళ కిందట జీపుల్లో కరెంటు కంపెనీ మనుషులు వచ్చారు. కొండ మీద ఒక చెరువు, కొండ కింద ఒక చెరువు తవ్వుతారట. కింది నీళ్ళు పైకి తోడి, పై నీళ్ళు కిందికి వదిలి కరెంటు తీస్తారట. ఆ మాట విన్న రోజు ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

"నీల్లు పైకెక్కించి మల్లీ దింపుతారా? మా ఇంట్లో పిల్ల గుంటలూ అదే ఆట ఆడతారు" అంది పక్కింటి నీలవేణి.

పై చెరువు వచ్చేది కాఫీ తోటల్లో అనీ, కింది చెరువు వచ్చేది సరిగ్గా బొండగెడ్డ ఉన్న చోట అనీ తెలిశాక ఆ నవ్వు ఆగిపోయింది.

కొండలో రాయి ఎలాంటిదో చూడాలంటే లోతుగా బోరు వేసే యంత్రం పైకి ఎక్కాలి. పైకి ఉన్న రోడ్డు ఒక్కటే, అది ఊరి మధ్యలోంచి పోతుంది. యంత్రం వచ్చిన ప్రతిసారీ కనక ఆడవాళ్ళను తీసుకెళ్ళి రోడ్డు మీద కూర్చుంది. వంట అక్కడే, పిల్లలకు పాలివ్వడం అక్కడే. విశాఖ నుంచి వచ్చిన ఒక టీవీ అమ్మాయి ఆమెను ఉద్యమ నాయకురాలు అంది. ఆ మాటను కనక కొన్నాళ్ళు ఇంట్లో బాగానే వాడుకుంది. "నాయకురాలిని, ఆ నీల్ల బిందె ఇలా అందుకో" అని భీమన్నకు పురమాయించేది. అతను నవ్వుతూ అందించేవాడు.

ఆ నవ్వులు ఈ ఏడాది లేవు. చుట్టుపక్కల ఊళ్ళు ఒక్కొక్కటీ ఒప్పుకున్నాయి. బొండగెడ్డ కుర్రాళ్ళ మీద కేసులు పడ్డాయి. కోర్టు వాయిదాలంటూ ధర్మ, సురేంద్ర పదే పదే కిందికి దిగాల్సి వచ్చింది. ఆ తిరుగుళ్ళలో ధర్మ తోటలో కాఫీ పండ్లు కోసేవాళ్ళు లేక చెట్టు మీదే నల్లబడి రాలిపోయాయి. కాఫీ ఆరబోసే కళ్ళంలో కనక మీటింగు పెడితే ఒకప్పుడు నిలబడడానికి చోటుండేది కాదు. ఇప్పుడు కళ్ళమంతా ఖాళీగా కనబడుతోంది. వచ్చినవాళ్ళు కూడా కాళ్ళ వైపు చూసుకుంటూ కూర్చుంటున్నారు.

డుంబ్రిగుడలో కిరాణా కొట్టు నడిపే వెంకటరావు ఒక రోజు పని కట్టుకుని ఇంటికొచ్చాడు. మైదానం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. కనక కోడలికి నొప్పులు వచ్చిన రోజు అడగకుండానే తన జీపులో ఆసుపత్రికి చేర్చింది అతనే. మంచివాడు, అదే చిక్కు.

"కనకమ్మా, నీ మంచి కోరి చెబుతున్నాను. ఇది ఎలాగూ ఆగేది కాదు. ఇప్పుడు ఒప్పుకుంటే నాలుగు మంచి మాటలు చెప్పి నాలుగు మంచి పనులు చేయించుకోవచ్చు. ఓడిపోయాక ఎవరు వింటారు?" అన్నాడు.

"ఓడిపోయినాక కద సావుకారూ. అప్పుడు సూసుకుందాం. అంబలి తాగుతావా?" అంది కనక.

అతను అంబలి తాగి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళాడు. అతని ముందు అంత ధీమాగా మాట్లాడింది గానీ, జీపు మలుపు తిరగగానే కనక అతను తాగిన గ్లాసు పట్టుకుని గడప మీదే కూర్చుండిపోయింది. ఓడిపోతున్నామని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అలాంటి రోజుల్లో చైత్రం వచ్చింది, దాంతో ఇటుకల పండగ వచ్చింది. ఈ పండక్కి కొండల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా కర్ర కట్టి, వచ్చే పోయే బళ్ళను ఆపి, పాటలు పాడి పండగ డబ్బులు అడుగుతారు. పెద్ద ఆఫీసరు జీపైనా ఆగాల్సిందే. వేటకు పోయినవాళ్ళు ఉత్త చేతులతో దిగితే మాత్రం పేడనీళ్ళతో స్వాగతం.

బొండగెడ్డలో దీనికి తోడు ఒక పాత కట్టు ఉంది. వేట ఊళ్ళోకి వచ్చేదాకా పండగ తీరినట్టు కాదు. పండగ తీరేదాకా రోడ్డు మీద అడ్డకర్ర లేపకూడదు. తెచ్చిన జంతువు ఒంటి మీద గాయాన్ని ఒక పెద్ద ఆడమనిషి చూడాలి, ఇది వేటేనని చెప్పాలి, అప్పుడే కర్ర లేస్తుంది. ఇప్పటి అడవిలో ఏముంది గనక! అటవీ శాఖ కాపలా ఒకటి. కుందేలో అడవికోడో దొరికితే అదే గొప్ప. కొన్ని ఊళ్ళలో మగవాళ్ళు సంతలో బ్రాయిలర్ కోడిని కొని తెచ్చి మీసం తిప్పుతారు, ఆడవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. బొండగెడ్డలో ఆ ఆటలు సాగవు, ఎందుకంటే గాయం చూసేది కనక. ఈ ఊళ్ళో పేడనీళ్ళ తడి ఎరగని మగవాడు భీమన్న ఒక్కడే. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి అతనే చెప్పుకుంటూ ఉంటాడు.

పండగనాడు తెల్లవారుతూనే డప్పులు కొట్టుకుంటూ మగవాళ్ళు కొండెక్కారు. వాళ్ళ వెంట ఆడవాళ్ళు పోకూడదు, ఎటు పోతున్నారని అడగకూడదు. కనక, నీలవేణి, మిగతావాళ్ళు పొడుగాటి వెదురు తెచ్చి రోడ్డుకు అడ్డంగా కట్టారు. ఆ రోజు ఆడవాళ్ళు మళ్ళీ నవ్వారు. అరకు చూడడానికి వచ్చి దారి తప్పిన ఒక కొత్త దంపతుల్ని ఆపి, పెళ్ళికొడుకు చేత పాట పాడించి గానీ వదల్లేదు. కనకకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

పొద్దు ఇంకా బాగా ఉండగానే డప్పులు వినబడ్డాయి.

"అప్పుడేనా?" అంది నీలవేణి. "ఏటప్పా, ఇంత బేగి వొచ్చేసినారు?"

మగవాళ్ళు దిగారు. వెదురుకు వేలాడదీసిన పెద్ద జంతువును సురేంద్ర, ధర్మ మోసుకొస్తున్నారు. తల తీసేశారు, వెంట్రుకలు కాల్చేశారు, అడ్డాకులతో చుట్టేశారు.

"కొండగొర్రె! కొండగొర్రె దొరికింది!" అని అరిచాడు సురేంద్ర.

ఆ చిన్న జింక పేరు వినగానే ఆడవాళ్ళు ఆనందంతో కేకలు పెట్టారు. కనక కేక పెట్టలేదు. ఎప్పుడూ ముందు నడిచే భీమన్న ఈసారి వరుసలో అందరికంటే వెనక ఉన్నాడు.

జంతువును నేల మీద దించారు. కనక గొంతుక్కూర్చుని ఆకులు విప్పింది. భుజం దగ్గర బాణం దిగిన గాయం ఉంది. దాని అంచులు తెల్లగా ఉన్నాయి, చుట్టూ రక్తం గడ్డకట్టలేదు. ప్రాణం పోయిన ఒంట్లో ఎవరో తర్వాత పొడిచిన గాయం అది. తిప్పి చూసింది. సంతలో వ్యాపారి గుర్తుకు పూసే నీలం రంగు, మంట అందని చోట, తోక కింద కాస్త మిగిలిపోయి ఉంది.

కనక లేచి నిలబడింది.

"ఇది మేక. ఎవులు కొట్టినారు దీన్ని?"

ఆమె సురేంద్రను దాటి, ధర్మను దాటి, భర్త ముందు ఆగింది.

"ఈ బాణం నువ్వు ఏసినావా?"

భీమన్న ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. అబద్ధమాడడం కూడా చేతకాలేదు.

"లేదు" అన్నాడు. "సచ్చినదాని మీద బాణం ఎయ్యమన్నారు. నేను ఎయ్యలేను అన్నాను."

అప్పుడు మిగతాది బయటికొచ్చింది. కొండకు అవతల, కింది రోడ్డు మీద వెంకటరావు జీపు ఆగి ఉంది. అందర్నీ ఒక గెస్టుహౌసుకు తీసుకెళ్ళారు. అక్కడ కంపెనీవాళ్ళు భోజనాలు పెట్టారు, మర్యాదగా మాట్లాడారు. యంత్రాన్ని ఒక్కసారి పోనిస్తే చాలు, కేసులు ఎత్తించేస్తామన్నారు. మగవాళ్ళు మాటిచ్చారు. ఊరి కట్టు వెంకటరావుకు తెలుసు. వేట వస్తే అడ్డకర్ర లేస్తుంది, లేచాక రోడ్డు ఖాళీ. అందుకే మేక. రేపు పొద్దున్న యంత్రం వస్తుంది.

"అలిసిపోనాం కనకా" అన్నాడు భీమన్న. "ధర్మగాడి తోట సూసినావు కదా. ఎన్నాల్లని?"

ఆ మాట అతని నోట వినడం ఆమెకు చెంపదెబ్బ కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. పేడనీళ్ళ కుండ రోడ్డు పక్కనే ఉంది, సరదా కోసం పొద్దున్న ఆమే కలిపి పెట్టింది. దాన్ని రెండు చేతులా ఎత్తి భీమన్న నెత్తిన గుమ్మరించింది.

ఊరు ఊరంతా కొయ్యబారిపోయింది. నీలవేణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భీమన్న కదల్లేదు, మొహం తుడుచుకోలేదు. కనక ఏడుస్తోంది. ఏడుస్తున్నానన్న సిగ్గు కూడా లేకుండా అందరి వైపూ తిరిగింది.

"ఓడిపోతన్నాం. నాకు తెల్దనుకున్నారేటి? పక్క ఊల్లు పోనాయి. కేసులున్నాయి. రేపు కాపోతే మరో నాడు ఆల్లే గెలుత్తారేమో. గెలవనీ! మనల్ని ఓడించడం ఆల్ల పని. ఒప్పుకోడం మాత్రం మన పని. ఆల్ల పని ఆల్లని సెయ్యనీయండి. మన పని మనం సెయ్యకుండా కూకుందాం."

"మరి కేసులో అత్తా?" అన్నాడు ధర్మ. గొంతులో కోపం లేదు, బెంగే ఉంది.

"ఉంటాయిరా. కోర్టుకి ఈసారి నువ్వొక్కడివీ ఎల్లకు, ఊరంతా ఎల్దాం. నువ్వక్కడున్నప్పుడు నీ తోట మేం కోత్తాం. ఆ పని ముందే సెయ్యాల్సింది, సెయ్యలేదు, తప్పు నాదే. రోడ్డు మీద కూకోడమే యుద్ధమనుకున్నాను." ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇనండి. మా అయ్య ఒప్పుకున్నాడు. మా పక్కింటి ముసిలమ్మ ఒప్పుకోలేదు. ఇద్దరి ఇల్లూ నీల్లల్లోనే పోనాయి, నేను లేదనను. కానీ ముసిలమ్మ సచ్చేదాకా కంటినిండా నిద్దరోయింది. మా అయ్యకి ఆ నిద్దర కూడా మిగల్లేదు. మీకు మిగలాలి."

నీలవేణి వెళ్ళి వెదురు కట్టిన తాళ్ళను ఇంకా బిగించి వచ్చింది. మిగతా ఆడవాళ్ళు ఆమె పక్కన చేరారు.

"వేట రాలేదు. పండగ తీరలేదు. కర్ర లేవదు" అంది కనక. "రేపు మల్లీ ఎల్లండి. ఈసారి అడవిలోకే ఎల్లండి."

ఆ మాట అన్నాక గానీ అందులో ఉన్న ముల్లు ఆమెకు తట్టలేదు. రేపు నిజంగానే వేట దొరికితే? అప్పుడు తన చేత్తో తనే కర్ర లేపాలి. అబద్ధపు మేకను కాదన్న నోటితో నిజమైన కుందేల్ని కాదనడం కుదరదు. అలా కాదంటే ఆ వెంకటరావుకూ తనకూ తేడా ఏముంది? భీమన్న వేటకు పోతే ఉత్త చేతులతో రాడు. పైగా ఈ రోజు తిన్న దెబ్బకు రేపు ఊరందరి ముందూ పరువు నిలబెట్టుకోవాలనే చూస్తాడు. నువ్వు వేటాడొద్దు అని ఏ వేటగాడితో అనగలదు? మొగుడి పేరు తీసి రోడ్డుకు అడ్డం పెట్టమనడమే అది. ఆ సాయంత్రం అతను గెడ్డలో స్నానం చేసి వచ్చి, అన్నం తిని, విల్లుకు కొత్త తాడు కట్టుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. వేటాడొద్దని కనకా అడగలేదు.

పొద్దున్న మగవాళ్ళు డప్పులు లేకుండా కొండెక్కారు. ఎండ కాస్త ముదిరేసరికి యంత్రం ఉన్న లారీ వచ్చి అడ్డకర్ర ముందు ఆగింది. వెనక పోలీసు జీపు, దాని వెనక వెంకటరావు జీపు. ఎస్సై కొత్తగా వచ్చిన కుర్రాడు. పండగ పూట గొడవ వద్దని, కొండలన్నీ కదిలొస్తాయని పైవాళ్ళు చెప్పి పంపినట్టున్నారు, లాఠీ జీపులోనే వదిలి దిగాడు. కంపెనీ మనిషి పండగ డబ్బులంటూ నోట్లు తీశాడు.

"ఈ ఏడు డబ్బులు తీసుకోడం లేదు" అంది కనక.

వెంకటరావు ముందుకొచ్చాడు. నిన్నటి సంగతికి అతనికి సిగ్గుగానే ఉన్నట్టుంది, గొంతు తగ్గించాడు.

"కట్టు కట్టే కదా కనకమ్మా. వేట వస్తే కర్ర లేపుతావా లేదా? అందరి ముందూ చెప్పు."

ఆడవాళ్ళంతా ఆమె మొహం వైపు చూశారు. కనక కర్ర మీద చెయ్యి వేసింది.

"లేపుతాను. మాట" అంది.

ఎస్సై హమ్మయ్య అనుకుంటూ నీడకు వెళ్ళి నిలబడ్డాడు. లారీ డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. ఆడవాళ్ళు కర్ర వెనక వరసగా కూర్చున్నారు. అందరి చూపూ కొండ దారి మీదే. కనక తన జన్మలో మొదటిసారి, తన మొగుడి బాణం తప్పిపోవాలని దేవుడికి మొక్కుకుంది. ఆ మొక్కు మొక్కుకున్నందుకు ఆమెకు ఎంతో బాధ కలిగింది.

పొద్దు నడినెత్తికి రాకముందే మగవాళ్ళు దిగారు. ఈసారి భీమన్నే ముందున్నాడు. విల్లు భుజాన ఉంది, చేతులు ఖాళీ. వెనకవాళ్ళ భుజాల మీద వెదురు కూడా లేదు. పక్కన నడుస్తున్న ధర్మ ఆయాసంతో ఆగలేక చెప్పేశాడు.

"అత్తా, కుందేలు ఎదురుగా కూకుంది. ఇదిగో ఇంత దూరం. మావ బాణం ఎక్కుపెట్టి, సూసి, సూసి, దించేసినాడు. మమ్మల్నీ ఎయ్యనియ్యలేదు."

"నోరు ముయ్యరా" అన్నాడు భీమన్న.

లారీని చూడలేదు, ఎస్సైని చూడలేదు, వెంకటరావును చూడలేదు, నేరుగా వచ్చి కర్రకు ఇవతల భార్య ఎదుట నిలబడ్డాడు. తలపాగా విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఊరంతటికీ, లారీవాడికీ కూడా వినబడేలా చెప్పాడు.

"ఏటీ దొరకలేదు."

కనక అతని ఖాళీ చేతుల వైపు చూసింది.

"మరి రేపు?"

"రేపూ దొరకదు. ఎల్లుండీ దొరకదు. ముసిలోణ్ణయిపోనాను, గురి తప్పిపోతంది" అని తల వంచాడు భీమన్న. "కానియ్యి, పేడనీల్లు పొయ్యి."

అతని వెనక ధర్మ తలగుడ్డ విప్పాడు. సురేంద్ర విప్పాడు. ఒకరి వెనక ఒకరు మగవాళ్ళంతా తలలు వంచి వరసలో నిలబడ్డారు. నీలవేణి పేడనీళ్ళ కుండ తెచ్చి కనక చేతికిచ్చింది.